సావిత్రి రాయని పుస్తకం

మా గుంటూరు వైపు సావిత్రి పేరెత్తితే రెండు మాటలు వినిపిస్తాయి. ఒకటి, "మన చిర్రావూరు అమ్మాయి." రెండోది, "తాగి పాడైపోయింది, పాపం." పేరొచ్చినప్పుడు ఆమె మనది. తాగినప్పుడు తప్పు ఆమె ఒక్కదానిదీ. ఈ పంపకం మీదే నా గొడవ.

డ్రూ బారీమోర్ సంగతి చూడండి. ఏడేళ్లకి 'ఇ.టి.' (1982) సినిమాతో ప్రపంచమంతా తెలిసిపోయింది. తొమ్మిదేళ్లకే మందు, పన్నెండేళ్లకి కొకైన్, పదమూడేళ్లకి రీహాబ్. 1990లో, ఇంకా టీనేజ్‌లోనే, ఒక జర్నలిస్టు సాయంతో 'లిటిల్ గర్ల్ లాస్ట్' అని తన కథ చెప్పుకుంది. అది గొప్ప సాహిత్యమా కాదా అన్నది వేరే చర్చ. అందులో "నేను" అంటున్న మనిషి బతికుంది. నాకు ముఖ్యం అది.

మరి మన దగ్గర? 'మహానటి' (2018)లో సావిత్రి కోమాలో పడుంటే, ఆమె కథని వెతుక్కుంటూ వెళ్లేది ఒక జర్నలిస్టు. మంచి సినిమానే, కాదనను. కానీ ఆ తాగుడుకి అది గట్టిగా చెప్పే కారణం ప్రేమలో మోసం. చిన్నప్పుడే స్టేజీ ఎక్కి, ఇరవై నిండకుండానే స్టార్ అయిన పిల్లని ఆ పేరూ ఆ డబ్బూ ఏం చేశాయో ఆమె నోటివెంట మనం వినలేదు.

1953లో 'దేవదాసు' చూసి జనం ఎవరి కోసం ఏడ్చారు? తాగి తాగి చచ్చిపోయే మగాడి కోసం. అందులో పార్వతి సావిత్రే. తాగే మగాడు మనకి విషాద నాయకుడు. తాగే ఆడది హెచ్చరిక బోర్డు.

మన నటీమణులు రాయలేక కాదు. ఒంగోలు దగ్గర దొడ్డవరంలో పుట్టిన భానుమతి 'నాలో నేను' రాసింది. కానీ ఆవిడ సొంత స్టూడియో ఉన్న మనిషి, గెలిచి నిలబడ్డ మనిషి. పడి లేచినామె చెబితే వినే ఓపిక మనకుందా?

మా సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఒక పద్ధతుంది. సర్వర్ పడిపోతే తప్పెవరిదని కాదు, అలా పడిపోయేలా ఏం కట్టామని అడగాలి. సర్వర్‌కి ఇచ్చే మర్యాద మనిషికి ఇవ్వలేమా?

పంతొమ్మిది నెలలు కోమాలో ఉండి, 1981 డిసెంబరు 26న సావిత్రి పోయింది. రేపు ఇంకో నటి బతికుండగానే "నేను తాగేదాన్ని, మానేశాను" అని రాస్తే, మనం ముందు వెతికేది అందులో ఏ హీరో పేరుందా అని. ఆ వెతుకులాట మానేదాకా ఆ పుస్తకం రాదు.