బడిలో పాలు – బాలబాలికల రుచి

ఎదుగు బిడ్డలకు పాలు మేలైన యాహారమని మన పెద్దలు తరతరములుగా చెప్పుచున్నారు. ఆ మాటను మేము కాదనము. కాని పాఠశాలలలో పాలు పంచుటను గూర్చి ప్రసంగము వచ్చినప్పుడెల్ల ఎంత వ్యయమగును, పాలెచ్చటనుండి తేవలెను, ఎందరికి పోయవలెను అను ప్రశ్నలే వినవచ్చుచున్నవి. ఆ పాలెట్లున్న నీకిష్టమని బిడ్డ నడుగువారు మిక్కిలి యరుదు. ఈ ప్రశ్న యల్పముగా తోచవచ్చును. అయినను ఆ పాలు బిడ్డ కడుపున చేరునో, తూమున పడునో నిర్ణయించునది యిదియే యని మా యభిప్రాయము.

ఇంగ్లండు దేశపు ననుభవము నొకపరి చూతము. అచ్చట 1946వ సంవత్సరమునుండి పాఠశాలలోని ప్రతి బిడ్డకును దినమునకు పైంటులో మూడవవంతు, అనగా ఇంచుమించు 190 మిల్లీలీటర్ల పాలు, ఉచితముగా నొసగబడినవి. ఉద్దేశము మిక్కిలి గొప్పది. కాని పాలసీసాలు విరామపు గంట కొట్టువరకు ఆవరణములోనే యుండెడివి. ఎండకాలమున నవి నులివెచ్చనై వాసన కొట్టెడివి, చలికాలమున గడ్డకట్టెడివి. గడ్డకట్టిన సీసాలను పొయ్యిచెంత పెట్టి కరగించుటయు కలదు. 1968లో పెద్ద తరగతులవారికిని, 1971లో ఏడేండ్లు దాటిన బిడ్డలకును ఆ పాలు నిలుపబడినవి. దానికి కారణము ధనము పొదుపు చేయుటయే. ఐనను నాడు చదివిన వారిలో ననేకులు వృద్ధులైన పిదపగూడ ఆ పాలను తలచుకొని మొగము చిట్లించుట కలదు. వారు రోసినది పాలను గాదు, పాలను తమకిచ్చిన తీరును.

అమెరికాలోని లాస్ ఏంజెలిసు నగరమున మరియొక విధమగు చిక్కు కలిగినది. పాలలో చాక్లెటును, స్ట్రాబెర్రీ రుచిని కలిపి యిచ్చుటవలన బిడ్డలకు చక్కెర మితిమీరుచున్నదని 2011లో నచ్చటి విద్యామండలి వానిని తొలగించినది. వట్టి పాలను బిడ్డలు పారవేయుచున్నారను మొర బయలుదేరినది. 2016లో కొన్ని పాఠశాలలలో రుచిగల పాలను మరల నిచ్చి చూడవలెనని ఆ మండలియే తీర్మానించినది. తరువాత ఆ దేశపు ప్రభుత్వము 2025–26 విద్యాసంవత్సరము మొదలుకొని, ఇంచుమించు 240 మిల్లీలీటర్ల రుచిగల పాలలో అదనముగా కలుపు చక్కెర 10 గ్రాములు మించరాదని విధించినది. బిడ్డ కోరికను పూర్తిగా త్రోసివేయకయు, దానికి పూర్తిగా లొంగకయు నడుమ మార్గము నవలంబించుట యుక్తమే.

ఇక మన ప్రక్కనున్న కర్ణాటకమునకు వత్తము. కోలారు, బళ్లారి, పావగడ ప్రాంతములలో తెలుగు మాటలాడు కుటుంబముల బిడ్డలెందరో చదువుచుండుటచే ఈ సంగతి మనకు పరాయిది కాదు. అచ్చట 2013 ఆగష్టు 1వ తేదీన క్షీరభాగ్య పథకము మొదలైనది. 18 గ్రాముల పాలపొడిని నీట కలిపి కాచి, బిడ్డకు 150 మిల్లీలీటర్ల పాలు పోయుట దాని పద్ధతి. తొలుత వారమునకు మూడు దినములును, 2017నుండి అయిదు దినములును ఇచ్చిరి. 2024లో కొన్ని దినములు ఆ పాలలో రాగిమాల్టు కలుపుట కారంభించిరి. ఇది మిక్కిలి శ్లాఘనీయము. రాగి మన నేల పంట. ఆ కమ్మదనము బిడ్డ లెరిగినదే. ఆంధ్రప్రదేశమున 2023 మార్చిలో బడిపిల్లలకు బెల్లము కలిపిన రాగిజావ నిచ్చుట మొదలైనదియు నిట్టి మేలైన యాలోచనయే.

పుర్రెకొక బుద్ధి, జిహ్వకొక రుచి యని సామెత. ఇంట చిక్కని గేదెపాలకు నలవడిన బాలునకు పొడిపాలు నీళ్లవలె తోచును. ఇంట పాలనిన తేనీటిలో కలుపు నాలుగు చుక్కలే యని యెరిగిన పేదబాలికకు నిండుగ్లాసు పాల వాసనయే వికారము కలిగించును. పొడి సరిగా కలియక యుండలు కట్టినను, అడుగంటి మాడినను, పైన తెర కట్టినను పెద్దలే త్రాగజాలరు. పసివారి మాట చెప్పనేల?

అంతకంటె ముఖ్యమైన విషయ మొకటి కలదు. పాలలో లాక్టోజు అను నొక చక్కెర యున్నది. పసితనము దాటిన పిమ్మట దానిని జీర్ణించుకొను శక్తి యనేకులకు తగ్గిపోవును. ఉత్తర హిందూస్థానమున కంటె దక్షిణమున నిట్టివారు హెచ్చు. అట్టి బిడ్డకు పాలు త్రాగిన పిదప కడుపుబ్బరము, నొప్పి కలుగవచ్చును. దానిని మాటలలో చెప్పలేక “నాకు వద్దు” అనును. మనము దానిని పొగరనియు, కృతఘ్నత యనియు నిందింతుము. బలవంతముగా త్రాగింపజూతుము. ఇది యన్యాయము. ఇట్టివారికి పెరుగు, మజ్జిగ చాలవరకు సరిపడును. గ్రుడ్డు తినువారికి గ్రుడ్డును, తిననివారికి వేరుశనగ చిక్కియు నీయవచ్చును.

“ఆకలిగొన్నవానికి రుచులెందుకు? పిల్లల నడిగినచో చక్కెరయే కోరుదురు గదా!” యని కొందరాక్షేపింతురు. చక్కెర విషయమున నిర్ణయము పెద్దలదే కావలెను. దానిని మేమును అంగీకరింతుము. కాని పాలు వేడిగా నుండవలెనా, చల్లగానా. ప్రొద్దుట గంటకు ముందా, తరువాతనా. రాగితోనా, వట్టివియా, మజ్జిగగానా యను విషయములలో బిడ్డ మాట వినుటవలన నెవరికిని నష్టము లేదు. పేదబిడ్డకు రుచి యుండరాదనుట ధర్మము కాదు. ఇంట ప్రొద్దుట నేమియు తినక వచ్చు బిడ్డకు ఆ గ్లాసే తొలి యాహారము కావచ్చును. అది వృథాయైనచో నాబిడ్డ మధ్యాహ్నమువరకు నాకలితోనే పాఠము వినవలసి యుండును.

కావున పాలు పంచు ప్రతి పాఠశాలయందును రెండు చిన్న కార్యములు జరుగవలెనని మేము కోరుచున్నాము. ఒకటి, నెలకొకపరి తరగతివారీగా బిడ్డల యభిప్రాయము తెలిసికొనుట. రెండు, ప్రతిదినము పంచిన పాలెంత, మిగిలిన పాలెంత యని కొలిచి పుస్తకమున వ్రాయుట. దీనికి ధనము పనిలేదు. కొలతపాత్రయు, కొంచెము శ్రద్ధయు చాలును. పంచిన గ్లాసుల లెక్క అధికారులకు సంతృప్తి నీయవచ్చును. ఖాళీయైన గ్లాసుల లెక్కయే బిడ్డల యారోగ్యమును తెలుపును. ఉపాధ్యాయులును, తలిదండ్రులును ఈ విషయము నాలోచింతురుగాక!