విరిగిన తొడుగు వెనుక ఏముందో చూడండి



మీ ఇంటి బిడ్డల్లో ఎవరో ఒకరు ఈ రోజుల్లో హైదరాబాదులో ఉండే ఉంటారు. 1998లో మాదాపూరు దగ్గర సైబర్ టవర్స్ ప్రారంభమైన తర్వాత, బండరాళ్లూ తుప్పలూ ఉన్న ఆ ప్రాంతం హైటెక్ సిటీగా మారిపోయింది. కొండాపూరు, గచ్చిబౌలి, రాయదుర్గం దాకా అద్దాల మేడలు లేచాయి. మన పల్లెల పిల్లలు అక్కడి హాస్టళ్లలో ముగ్గురు నలుగురు ఒక గదిలో సర్దుకొని ఉద్యోగాలు చేసుకొంటున్నారు. 2019లో హైటెక్ సిటీకి మెట్రో రైలు వచ్చినా, స్టేషను నుండి ఆఫీసుకు, ఆఫీసు నుండి హాస్టలుకు తిరగడానికి చాలామందికి మోటారు సైకిలే ఆధారం.

మా మేనల్లుడు కూడా వారిలో ఒకడు. పల్నాడులో మా బావగారిది మిర్చి సేద్యం. ఒక ఏడాది పంట కలిసివస్తే, ఆ డబ్బులో కొంత ముందుగా కట్టి, మిగతాది వాయిదాల మీద కొడుకుకు బండి కొనిపెట్టారు. ముందు నుండి ఇంజను పక్కల దాకా ప్లాస్టిక్ తొడుగులు గల బండి అది. ఆ తొడుగునే ఫెయిరింగ్ అంటారు. మెకానిక్కులు ఫైబర్ బాడీ అని కూడా అంటుంటారు.

గత జూలైలో నేను పని మీద హైదరాబాదు వెళ్లి వాడి హాస్టల్లో దిగాను. సెల్లార్లో బండి చూస్తే కుడివైపు తొడుగు నిలువునా పగిలి, పార్శిల్ టేపుతో అతికించి ఉంది.

"ఏంట్రా ఇది?" అన్నాను.

"ఏం లేదు మామయ్యా, స్టాండు సరిగా పడక ఒరిగింది. కొత్త ప్యానెల్ రాణిగంజ్‌లో కొనుక్కొచ్చాను. రేపు ఆదివారం మనమిద్దరం కూర్చుని బిగించేద్దాం. ఊళ్లో మాత్రం చెప్పొద్దు" అన్నాడు.

నేను వంగి చూశాను. కుడివైపు ఫుట్‌రెస్టు చివర సగం అరిగిపోయి ఉంది. బ్రేకు లివరు కొస కూడా గీసుకుపోయింది. నిలబడి ఉన్న బండి ఒరిగితే గీత పడుతుందే గాని ఇనుము అరగదు. కదులుతున్న బండి రోడ్డు మీద రాసుకుంటూ పోతేనే అలా అరుగుతుంది. ఆ మాటే వాడితో అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పాడు. నాలుగు రోజుల క్రితం వానలో, మలుపు దగ్గర రోడ్డు మీదికి కొట్టుకొచ్చిన ఇసుకలో జారి పడ్డాడట. అమ్మకు తెలిస్తే బండి అమ్మేయమంటుందని భయం. అందుకే టేపు వేసి, ఏమీ జరగనట్టు రోజూ అదే బండి మీద ఆఫీసుకు వెళ్లివస్తున్నాడు.

ఆదివారం ఆరాధన నుండి వచ్చి, భోజనం చేసి, మధ్యాహ్నం పనికి కూర్చున్నాం. ఈ పని ఇంట్లో చేసుకోదగినదే. ఎలా చేశామో వివరంగా రాస్తాను. మీ ఇంట్లోనూ ఎప్పుడైనా అక్కరకు రావచ్చు.

మొదట ఈ తొడుగు ఎందుకుందో తెలుసుకోండి. ఇది పందెపు బళ్ల నుండి వచ్చింది. వేగంగా పోయే బండికి ఎదురుగాలి పెద్ద ఆటంకం. గాలిని చీల్చుకుపోవడానికి ముందు చక్రాన్ని కూడా కప్పేసే తొడుగులు ఒకప్పుడు వాడారు. పక్కగాలి కొడితే బండి అదుపు తప్పే ప్రమాదముందని 1957 తర్వాత పందేల్లో వాటిని నిషేధించారు. మామూలు జనం కొనే బళ్లలో పూర్తి ఫెయిరింగుతో బి.ఎం.డబ్ల్యు. కంపెనీ 1976లో తెచ్చిన బండి పేరుపొందింది. మన దేశంలో 2003లో కరిజ్మా సగం తొడుగుతోనూ, 2008లో యమహా ఆర్15 పూర్తి తొడుగుతోనూ వచ్చి కుర్రకారును ఆకట్టుకొన్నాయి. అయితే ఊరి మధ్య, ట్రాఫిక్కులో నెమ్మదిగా పోయేటప్పుడు ఈ తొడుగు వల్ల గాలి లాభం అంతగా ఉండదు. రేడియేటరుకు, వైర్లకు కొంత కాపుదల, మిగిలినది అందం.

ఇక పని సంగతి. ప్యానెల్ కొనేటప్పుడు బండి మోడలు, తయారైన సంవత్సరం, రంగు చూపించి, పార్టు నంబరు సరిచూసి తీసుకోవాలి. కుడి, ఎడమ అన్నది బండి మీద కూర్చున్నవాడి కుడి, ఎడమ. ఎదురుగా నిలబడి చూసి చెబితే తప్పు ప్యానెల్ ఇంటికొస్తుంది. రంగు వేరైనది చవకగా దొరికినా తొందరపడవద్దు. బండి రంగు ఆర్.సి.లో రాసి ఉంటుంది. రంగు మార్చుకొంటే రవాణా శాఖ ఆఫీసులో ఆ మార్పు రాయించుకోవాలి.

బండిని చదునైన గచ్చు మీద, కదలకుండా నిలపండి. సెంటర్ స్టాండు లేని బండికి వెనుక చక్రం కింద పెట్టే స్టాండు దొరుకుతుంది. ఇంజను, సైలెన్సరు పూర్తిగా చల్లారాలి. తాళం చెవి తీసి జేబులో వేసుకోవాలి. కావలసిన పనిముట్లు కొన్నే: స్టార్ స్క్రూడ్రైవరు, నాలుగు, ఐదు మిల్లీమీటర్ల అలెన్ కీలు, ఒక పది నంబరు పానా, పాత దుప్పటి, ఒక అట్టముక్క.

అట్టముక్క ఎందుకంటారా? దాని మీద బండి బొమ్మ సుమారుగా గీసి, ఏ స్క్రూ ఎక్కడ నుండి తీస్తే బొమ్మలో అక్కడే గుచ్చాలి. ఎందుకంటే ఈ స్క్రూలన్నీ ఒకే పొడవు ఉండవు. పొట్టి స్క్రూ ఉన్నచోట పొడుగుది బిగిస్తే లోపల వైరునో గొట్టాన్నో గుచ్చవచ్చు. విప్పే ముందు సెల్‌ఫోనుతో నాలుగు వైపులా ఫోటోలు తీసుకొంటే ఇంకా మంచిది.

ముందు సీటు, సీటు కింది సైడు మూత తీయండి. వాటి కింద దాగిన స్క్రూలు అప్పుడు కనబడతాయి. కొన్నిచోట్ల స్క్రూలకు బదులు ప్లాస్టిక్ బిరడాలు ఉంటాయి. వాటిలో కొన్నింటికి నడిమి బొడిపెను లోపలికి నొక్కాలి, కొన్నింటికి పైకి లాగాలి. అప్పుడే ఊడివస్తాయి. స్క్రూలన్నీ తీశాక కూడా తొడుగు రాకపోతే బలవంతంగా గుంజకండి. లోపల చిన్న కొక్కేలు, రబ్బరు బుష్‌లలో దూరిన మేకులు ఉంటాయి. చేతిని వాటికి దగ్గరగా పెట్టి, మెల్లగా ఊపుతూ తీయాలి. ఇండికేటరు వైరు కప్లరును నొక్కి, కప్లరునే పట్టుకొని విడదీయాలి గాని వైరు పట్టుకొని లాగరాదు.

మావాడి బండికి పదకొండు స్క్రూలు. గంటలోపే తొడుగు చేతికొచ్చింది. వాడు సంతోషంగా కొత్తది అందుకోబోయాడు.

"ఆగరా. ముందు లోపల చూద్దాం" అన్నాను.

పాఠకులారా, ఈ పనిలో ముఖ్యమైన ఘట్టం ఇదే. తొడుగు పగిలిందంటే ఆ దెబ్బ తొడుగుతోనే ఆగిందని చెప్పలేం. తొడుగును మోసే ఇనుప బ్రాకెట్టు వంగిందా? రేడియేటరు నొక్కుకొందా? దాని గొట్టాల దగ్గర తడి ఉందా? హ్యాండిలు నిటారుగా ఉందా? ముందు ఫోర్కులు ఒకదానికొకటి సమానంగా ఉన్నాయా? వైర్ల పైపొర చీలిందా? ఇవన్నీ ఒక్కొక్కటిగా చూడాలి. తర్వాత హ్యాండిలును ఈ కొస నుండి ఆ కొస దాకా తిప్పుతూ ఏదైనా తగులుతోందేమో గమనించాలి.

మేము అలా తిప్పి చూస్తే, హ్యాండిలు కుడివైపుకు పూర్తిగా తిరిగినప్పుడు ముందు బ్రేకు ఆయిలు గొట్టం వంగిన బ్రాకెట్టు అంచుకు రాసుకొంటోంది. గొట్టాన్ని వేళ్లతో తిప్పి చూశాను. పైరబ్బరు ఒకచోట చెక్కుకుపోయి లోపలి పోగులు కనబడుతున్నాయి. నాలుగు రోజుల్లో అంత అరిగింది. ఇంకొన్నాళ్లు అలాగే నడిపితే గొట్టం తెగేది. తెగిననాడు ముందు బ్రేకు ఉండదు. అది దుర్గం చెరువు వంతెన దిగేటప్పుడు జరగవచ్చు, ఆఫీసు ముందు సిగ్నలు దగ్గరా జరగవచ్చు.

మావాడి ముఖం పాలిపోయింది. కొత్త ప్యానెల్ బిగించి ఉంటే ఈ గొట్టం ఇక ఎవరి కంటా పడేది కాదు. టేపు వేసిన బండినైనా చూసి ఎవరో ఒకరు అడుగుతారు. కొత్త తొడుగు వేసిన బండిని ఎవరడుగుతారు?

ఆ రోజు ప్యానెల్ బిగించలేదు. బ్రేకు, ఫోర్కు, హ్యాండిలు ఇంట్లో సరిచేసుకొనే పనులు కావు. మరునాడు బండిని నడపకుండా తోసుకుంటూ మెకానిక్కు దగ్గరకు తీసుకువెళ్లాం. కొత్త గొట్టం వేసి, ఆయిలు నింపి, గాలి తీసి, బ్రాకెట్టు మార్చి ఇచ్చాడు. తర్వాతే మిగతా పని.

బిగించేటప్పుడు మొదట కొక్కేలు, బుష్‌లు సరిగా కూర్చోబెట్టాలి. బుష్‌కు కాస్త సబ్బునీళ్లు రాస్తే మేకు తేలికగా దిగుతుంది. స్క్రూలన్నీ ముందు చేతితో రెండు మూడు చుట్లు తిప్పి వదలాలి. అన్నీ రంధ్రాల్లో సరిగా నిలిచాక ఒక్కొక్కటిగా బిగించాలి. ఒకటి ముందే గట్టిగా బిగిస్తే మిగతా రంధ్రాలు కలవవు. ప్లాస్టిక్ గనుక బలం చూపించకండి, స్క్రూ నిలిచేంత చాలు. పాత ప్యానెల్‌కున్న వాషర్లు, రబ్బర్లు మరచిపోకుండా కొత్తదానికి మార్చాలి. స్క్రూ వదులు కాకుండా పోసే జిగురు మందు ఈ ప్లాస్టిక్‌కు తగిలితే బీటలు వేస్తుంది. తుడవడానికి పెట్రోలు కూడా వాడవద్దు. సబ్బునీళ్లు, మెత్తని గుడ్డ చాలు. చివరికి హ్యాండిలు మళ్లీ రెండు వైపులా తిప్పి, ఇండికేటర్లు, హెడ్‌లైటు, హారను, బ్రేకులు చూసుకొని, వీధిలో నెమ్మదిగా ఒక చుట్టు తిప్పి రావాలి.

చిన్న బీటకు ప్యానెల్ మార్చనక్కరలేదు. తొడుగు లోపలివైపు ఏ.బి.ఎస్. అనో పి.పి. అనో అచ్చు అక్షరాలుంటాయి. బీట ఇంకా పాకకుండా దాని కొసన మూడు మిల్లీమీటర్ల రంధ్రం వేస్తారు. ఏ.బి.ఎస్. అయితే అదే రకం ప్లాస్టిక్ ముక్కలను ఎసిటోనులో కరిగించి ఆ ముద్దను లోపలి నుండి పూయవచ్చు. ఎసిటోను ఇట్టే అంటుకొంటుంది గనుక పొయ్యికి, పిల్లలకు దూరంగా, గాలి ఆడేచోట చేయండి. పి.పి. అయితే ఆ ముద్ద అతుక్కోదు. వేడితో అతికించేవారి దగ్గరకు వెళ్లాలి.

ఇన్సూరెన్సు గురించి కూడా ఒక మాట. 2018 సెప్టెంబరు నుండి కొత్త బండికి ఐదేళ్ల ఇన్సూరెన్సు ఒకేసారి తీసుకోవాలి. దాన్ని చూసి, ఐదేళ్లూ మన బండికి జరిగే నష్టం కూడా వస్తుందని చాలామంది అనుకొంటారు. ఆ ఐదేళ్లు ఎదుటివారికి జరిగే నష్టానికి. మన బండి నష్టానికి కట్టే భాగం తరచుగా ఒక్క ఏడాదికే ఉంటుంది. కాగితం తీసి తేదీ చూసుకోండి. ఆ భాగం ఉన్నా, మామూలు పాలసీలో ప్లాస్టిక్ భాగాల ధరలో సగం తరుగు కింద తీసేస్తారు. పైగా క్లెయిము చేయనివారికి మొదటి ఏడాది 20 శాతంతో మొదలై 50 శాతం వరకు పెరిగే రాయితీ పోతుంది. కాబట్టి ఒక్క ప్యానెల్ కోసమైతే లెక్క వేసుకొని నిర్ణయించుకోండి. పడినప్పుడు తల తగిలి ఉంటే మాత్రం లెక్కలు చూడక హెల్మెట్ మార్చండి. పైకి బాగానే కనబడినా లోపలి మెత్త ఒకసారి అణిగితే మళ్లీ కాపాడలేదు.

మెకానిక్కు దగ్గర నుండి వచ్చిన రాత్రి మావాడు తానే ఊరికి ఫోను చేశాడు. నేను చెప్పమనలేదు. జరిగిందంతా వాళ్ల నాన్నకు చెప్పాడు. అవతల మా బావగారు కాసేపు ఊరుకొని, "బండి సంగతి తర్వాత. నీకు ఎక్కడ తగిలింది?" అని అడిగారు.

అప్పుడుగాని నాకు తెలియలేదు. వాడు ప్యాంటు పైకి మడిచి చూపించాడు. కుడి మోకాలు వాచి, గాయం చీము పట్టి ఉంది. రెండు రోజులుగా పక్కనే ఉండి, బ్రేకు గొట్టం దాకా వెదికిన నేను ఆ మాట అడగనే లేదు. మరునాడు ఉదయం ముందు ఆసుపత్రికి వెళ్లాం. సూది మందు వేయించి, కట్టు కట్టించుకొని వచ్చాకే ప్యానెల్ బిగించాం.

తలిదండ్రులకు నా మనవి ఒక్కటే. పట్నంలో ఉన్న బిడ్డ బండి పడిందని చెబితే ముందు బండి ఖర్చు అడగకండి. అలా అడుగుతామని భయపడే వారు టేపు వేసుకొంటారు. యౌవనస్థులారా, మీరు కూడా తొడుగు మార్చే ముందు లోపల చూడండి, ఇంటికి ఒక ఫోను చేయండి.

వచ్చే నెల మరో పనితో కలుసుకొందాం.