ఆటల ముచ్చట్లు: తండా పిల్ల, ఫుట్‌బాలు ఆట

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఒకటి కోనసీమలోని తాటిపాక నుంచి వచ్చింది. రాసింది ఏడో తరగతి చదివే అమ్మాయి. "మా కొబ్బరితోటలో అన్నయ్యలతో కలిసి ఫుట్‌బాలు ఆడతాను. మొరాకో దేశపు ఆడపిల్లల ఆట మా మావయ్య ఫోనులో చూపించాడు. వాళ్ళ కెప్టెను మైదానం మధ్యలో ఉండి ఆడుతుంది. నాకూ అలా ఆడటమే ఇష్టం. కాని పెద్దదానివవుతున్నావు, అది మగపిల్లల ఆట, ఇక చాలించమని మా మామ్మ అంటున్నది. మన తెలుగు దేశంలో ఫుట్‌బాలు ఆడి పైకి వచ్చిన అమ్మాయిలు ఉన్నారా?" అని అడిగింది.

ఉన్నారు. అయితే ముందు మామ్మగారి మాట చూద్దాం. ఆ మాట ఆవిడ ఒక్కరే అన్నది కాదు. ఈ ఆటకు నియమాలు రాసిన ఇంగ్లండు దేశంలోనే పెద్దపెద్దవాళ్ళు అన్నారు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో మగవాళ్ళు సైన్యంలోకి పోగా, ప్రెస్టన్ పట్టణంలో డిక్ కెర్ అనే కర్మాగారంలో పనిచేసే స్త్రీలు ఒక ఫుట్‌బాలు జట్టు కట్టారు. 1920 డిసెంబరు 26న లివర్‌పూల్‌లో వాళ్ళ ఆట చూడటానికి 53,000 మంది వచ్చారు! మరుసటి సంవత్సరం అక్కడి ఫుట్‌బాలు సంఘం, ఈ ఆట స్త్రీలకు తగదని చెప్పి, తన కింద ఉన్న మైదానాలలో వాళ్ళను అడుగుపెట్టనివ్వరాదని తీర్మానించింది. ఆ నిషేధం దాదాపు 50 ఏళ్ళు నడిచింది. ఫుట్‌బాలుకు పేరుపడ్డ బ్రెజిల్‌లో కూడా 1941 నుంచి 1979 దాకా స్త్రీలు ఆడకూడదన్న శాసనం ఉండేది. ఆటలో తగనిదేమీ లేదు. తగదని నిర్ణయించినవాళ్ళు ఎన్నడూ ఆడి చూసిన స్త్రీలు కారు, అంతే.

ఇక ఆ మొరాకో కెప్టెను సంగతి. ఆమె పేరు గిజ్లాన్ షెబ్బాక్. 1990లో కాసాబ్లాంకా నగరంలో పుట్టింది. ఆమె తండ్రి లార్బీ షెబ్బాక్ కూడా మొరాకో జట్టులో ఆడినవాడే. ఆమె ఆడేది నడిమి స్థానం. మీ తాతగార్ల కాలంలో దీన్ని హాఫ్ అనేవారు. వెనక ఉన్నవాళ్ళు గోలును కాపాడతారు, ముందున్నవాళ్ళు గోలు కొడతారు. నడిమివాళ్ళు రెండు పనులకూ పరుగెత్తాలి. పెద్ద పోటీలలో మైదానం పొడుగు 105 మీటర్లు, వెడల్పు 68 మీటర్లు. ఆట 90 నిమిషాలు. అంతసేపట్లో నడిమి ఆటగత్తె ఇంచుమించు 10 కిలోమీటర్లు తిరుగుతుంది. బంతి తన కాళ్ళ దగ్గరికి రాకముందే, అది వస్తే ఎవరికి ఇవ్వాలో ఆమె చూసుకుని ఉండాలి. కాళ్ళకన్న మెడకూ కళ్ళకూ ఎక్కువ పని అనుకోండి.

2022లో ఆఫ్రికా ఖండపు పోటీ మొరాకోలోనే జరిగింది. రబాత్ నగరంలో ఆఖరు ఆటకు 45,000 మందికి పైగా వచ్చారు. దక్షిణాఫ్రికా చేతిలో మొరాకో 2-1 తేడాతో ఓడింది. పోటీ మొత్తానికి ఉత్తమ క్రీడాకారిణి మాత్రం షెబ్బాకే. 2023లో ఆ జట్టు స్త్రీల ప్రపంచ కప్పుకు వెళ్ళింది. అరబ్బు దేశాలలో అలా వెళ్ళిన మొదటి దేశం అదే. మొదటి ఆటలో జర్మనీ వాళ్ళమీద ఆరు గోలులు కొట్టింది. చూసినవాళ్ళు జాలిపడ్డారు. కాని తరవాత కొరియానూ కొలంబియానూ చెరొక గోలుతో గెలిచి మొరాకో పై దశకు పోయింది, జర్మనీ ఇంటికి పోయింది!

ఇప్పుడు మన అమ్మాయి. పేరు గుగులోతు సౌమ్య. 2001లో పుట్టింది. నిజామాబాద్ జిల్లా పిల్ల, లంబాడీ కుటుంబం. తండా అంటే కోనసీమ పిల్లలకు తెలియకపోవచ్చు. లంబాడీలు ఊరికి కాస్త ఎడంగా, తమవాళ్ళంతా ఒకచోట కట్టుకునే చిన్న పల్లె అది. సౌమ్య మొదట పరుగు పందేలలో దిట్ట. ఆ వేగం చూసే ఆమెను ఫుట్‌బాలులోకి తెచ్చారు. ఆమె స్థానం సరిగ్గా నడిమిది కాదు. పక్క గీత వెంబడి బంతిని తీసుకుపోయి, లోపలికి తిరిగి గోలు మీదికి పోవటం ఆమె పని. వెనకటికి దీన్నే లెఫ్టవుటు, రైటవుటు అనేవారు. నడిమివాళ్ళు పంపే బంతి కోసం ముందే పరుగు అందుకోవాలి గనక, పందెంలో నేర్చిన పరుగు ఇక్కడ అక్కరకు వచ్చింది.

ఆమె కేరళ వెళ్ళి గోకులం జట్టులో ఆడింది. 2022లో యూరపులోని క్రొయేషియా దేశానికి పరీక్ష ఆటల కోసం మన దేశం నుంచి నలుగురు అమ్మాయిలు వెళ్ళారు. వారిలో ఇద్దరిని జాగ్రెబ్ నగరపు డినామో సంఘం తీసుకున్నది. ఒకరు మధ్యప్రదేశ్ అమ్మాయి జ్యోతి చౌహాన్, రెండోవారు సౌమ్య. నిజామాబాద్ ఎండలో పెరిగిన పిల్ల శీతకాలంలో మంచు కురిసే దేశంలో, భాష తెలియని చోట, ఇరవై ఒకటో ఏట ఉండటం మాటలు కాదు. పిల్లను జిల్లా దాటించటానికే వెనకాడే ఇళ్ళు ఎన్ని లేవు!

తిరిగి వచ్చాక ఆమె కలకత్తాలోని ఈస్ట్ బెంగాల్ జట్టులో చేరింది. 2025 ఏప్రిల్‌లో ఒడిశా జట్టుమీద ఈస్ట్ బెంగాల్ 1-0 తేడాతో గెలిచి, దేశపు స్త్రీల లీగు మొదటిసారి సంపాదించుకున్నది. ఆ ఒక్క గోలు సౌమ్యదే. ఆ ఏడు భారత ఫుట్‌బాలు సమాఖ్య ఆమెను దేశంలో ఉత్తమ క్రీడాకారిణిగా ఎంపిక చేసింది.

ఇక్కడొక ముచ్చట. అదే ఎరుపు, పసుపు చొక్కా 60 ఏళ్ళకు పూర్వం సికిందరాబాదు దగ్గర అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరామ్ తొడిగాడు. 1960 రోమ్ ఒలింపిక్సులో హంగరీ మీదా పెరూ మీదా మన గోలులు కొట్టినవాడు ఆయనే. ఆయన పేరు తెలిసిన తాతయ్యలు మీ ఊళ్ళో ఉంటే అడగండి, నాకన్న బాగా చెబుతారు.

2025 జూన్‌లో మన స్త్రీల జట్టు ఆసియా కప్పు అర్హత పోటీలకు థాయిలాండు వెళ్ళింది. మంగోలియా మీద 13 గోలులు కొట్టారు. వాటిలో రెండు సౌమ్యవి. జులై 5న ఆఖరు ఆట థాయిలాండుతోనే, వాళ్ళ మైదానంలోనే. మనవాళ్ళు 2-1 తేడాతో గెలిచారు. అర్హత పోటీలలో నెగ్గి ఆసియా కప్పుకు పోవటం మన స్త్రీల జట్టుకు అదే మొదటిసారి. ఆ రెండు గోలులూ కొట్టినది బెంగాలు అమ్మాయి సంగీతా బాస్‌ఫోర్. ఆమె ఆడేది నడిమి స్థానమే సుమా!

తాటిపాక అమ్మాయీ, కొబ్బరితోటలో ఆడేటప్పుడు ఒక పని చెయ్యి. పక్కపక్కన ఉన్న రెండు చెట్లు చూసుకుని, వాటి మధ్య నుంచి అన్నయ్యకు బంతి అందించు. బంతి నీ దగ్గరికి వచ్చేలోగా రెండుసార్లు వెనక్కి తిరిగి చూడు. కుడికాలితో ఇరవై, ఎడమకాలితో ఇరవై. పైనుంచి కాయ రాలుతుందేమో అది కూడా చూసుకో! బడులకు జరిగే సుబ్రతో కప్పులో 17 ఏళ్ళ లోపు బాలికలకూ పోటీ ఉన్నది. దానికి పదకొండుగురు కావాలి. మీ బడిలో ఇంకా ఎవరెవరు ఆడతారో కనుక్కుని, డ్రిల్లు మాస్టారుతో చెప్పు. మామ్మగారిని ఒక సాయంత్రం గట్టున కుర్చీ వేసి కూచోబెట్టండి. ఎన్ని గోలులు పడ్డాయో లెక్క ఆవిడనే పెట్టమనండి.