గాయాలకు సున్నం కొట్టే మనం

కువైట్‌లో మన అబూ హలీఫా నుంచి అల్ ఖురైన్‌కు కారులో అరగంట. అక్కడ ఒక ఇల్లు ఉంది. 1991 ఫిబ్రవరి 24న, కువైట్ విమోచనకు రెండు రోజుల ముందు, అల్ మసీలా దళానికి చెందిన 19 మంది ఆ ఇంటినే కోటగా చేసుకుని ఇరాకీ ట్యాంకులను గంటల తరబడి ఎదిరించారు. వారిలో 12 మంది అమరులయ్యారు. ఆ ఇంటిని కువైట్ మ్యూజియంగా నిలిపింది. గోడల్లో తూటాల గుంటలను పూడ్చలేదు. విరిగిన భాగాలను కట్టి రంగులు వేయలేదు. ఇంటి ముందు ట్యాంకును తీయలేదు. డబ్బు లేకనా? అద్దాల మేడలు లేపడం చేతకాకనా? ఈ దేశానికి ఆ రెండూ కొదవ కావు. గాయాన్ని గాయంగా చూడగల ధైర్యం ఉంది కనుక వదిలేసింది.

మరి కడప నుంచీ, రాయచోటి నుంచీ, గోదావరి జిల్లాల నుంచీ వచ్చి ఈ నేల ఉప్పు తింటున్న మనలో ఎందరం ఆ గుమ్మం తొక్కాం? ఫిబ్రవరి 25, 26 అంటే మనకు రెండు రోజుల సెలవు. వంట, నిద్ర, ఇంటికి ఫోను. ఎవరి ప్రాణం ఖరీదు ఆ సెలవు అని ఒక్కసారైనా ప్రశ్నించుకున్నామా?

అమరుల చోటును ఎలా ఉంచాలన్న ప్రశ్న ఒక్క మనదే కాదు. ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెరాలో 1941లో తెరిచిన జాతీయ యుద్ధ స్మారకం ఉంది. లక్షకు పైగా మృతవీరుల పేర్లు అక్కడి కంచు ఫలకాల మీద హోదా లేకుండా ఉంటాయి. సేనానీ, సిపాయీ ఒకే వరుస. బంధువులు వచ్చి తమవాడి పేరు పక్కన ఒక ఎర్ర పాపీ పువ్వు గుచ్చి పోతారు. 2018లో ప్రభుత్వం దాదాపు 50 కోట్ల డాలర్లతో దాన్ని విస్తరిస్తామంది. పెద్ద పెద్ద విమానాలు, ఆయుధాలు ప్రదర్శించేందుకు చోటు కావాలంది. అందుకోసం 2001లో అక్కడే కట్టిన, పురస్కారం పొందిన ఆన్‌జాక్ హాలునే కూల్చాలంది. చరిత్రకారులు, వాస్తుశిల్పులు, మాజీ సైనికులు, ఆ సంస్థకే ఒకప్పుడు అధిపతులుగా పనిచేసినవారు లేచి అడ్డుచెప్పారు. ప్రభుత్వానికి సలహా ఇచ్చే వారసత్వ మండలి సైతం కూల్చివేతకు ఒప్పుకోలేదు. యుద్ధం నుంచి తిరిగొచ్చి కుమిలిపోతున్నవారి వైద్యానికి ఆ సొమ్ము ఖర్చుపెట్టకూడదా అని అడిగారు. ఆయుధాలు అమ్మే కంపెనీల విరాళాలతో అమరులకు నివాళి ఏమిటని అడిగారు. తమ నేల కోసం పోరాడి చచ్చిన ఆదివాసుల మాట ఈ గోడల మీద ఎందుకు లేదని అడిగారు. చివరికి హాలు కూలింది. కానీ అడిగారు!

మనం అడిగామా? 2021 ఆగస్టులో జలియన్‌వాలా బాగ్‌ను కొత్త హంగులతో మళ్ళీ తెరిచారు. 1919 ఏప్రిల్ 13న బ్రిటిష్ సేనాని డయ్యర్ జనం మీద కాల్పులకు తన సైనికులను నడిపించుకొచ్చిన ఆ ఇరుకు సందు ఒట్టి ఇటుక గోడల మధ్య ఉండేది. అందులో నడుస్తుంటేనే ఊపిరి బిగుసుకునేది. ఇప్పుడు ఆ గోడల మీద నవ్వు మొహాల శిల్పాలు. ప్రాణభయంతో జనం దూకిన బావి అద్దాల వెనుక. రాత్రివేళ దీపాల ప్రదర్శన. అమరుల వారసులు బాధపడ్డారు, చరిత్రకారులు నిరసించారు. బాగానే ఉందన్న నాయకులూ లేకపోలేదు. మనం రెండు రోజులు వాట్సాప్‌లో వాదించుకుని మూడో రోజు మరిచాం. 1972 నుంచి ఇండియా గేటు కింద వెలిగిన అమర్ జవాన్ జ్యోతిని 2022 జనవరి 21న కొత్త జాతీయ యుద్ధ స్మారకపు జ్యోతిలో కలిపినప్పుడూ ఇంతే. అది సబబే కావచ్చు. మాజీ సైనికుల్లోనే రెండు అభిప్రాయాలున్నాయి. మనకు మాత్రం ఒక్క అభిప్రాయమూ లేకపోయింది.

ఏలినవారిని తిట్టి చేతులు దులుపుకోవడం సులువు. ఆ మెరుగు మీద మోజు ఎవరిది? ఊళ్ళో వందల ఏళ్ళ రాతిగుడికి జీర్ణోద్ధరణ పేరుతో ఎనామిల్ రంగులు పూసి, శాసనం మీద సున్నం కొట్టి, నేలకు టైల్స్ పరిచి, దాతల పేర్లు పాలరాతి మీద చెక్కించుకున్నది మనం కాదా? ఆ చందా పుస్తకంలో కువైట్ దినార్లు లేవా? శిథిలం కాకుండా కాపాడటం ధర్మమే. కానీ శోకాన్ని మురికి అనుకుని కడిగేయడం వేరు. మన పిల్లలకు తాతల కష్టం చెప్పం, వాళ్ళ మనసు నొచ్చుకుంటుందని. మన వలస కన్నీళ్ళను ఇంటికి చెప్పం, పరువు పోతుందని. ఇంట్లో దుఃఖాన్ని దాచుకునే జాతి, వీధిలోని స్మారకాన్ని వినోదశాలగా మారిస్తే ఆశ్చర్యమేముంది? ఋణం గుర్తుచేసే చోటు మనకు ఇబ్బంది. ఆ చోటును విహారస్థలం చేస్తే అప్పు మాట ఎత్తేవాడుండడు. రోగమూలం ఇదే, రాతిలో లేదు, మన శీలంలో ఉంది.

తాడేపల్లిగూడెం దగ్గర మిలిటరీ మాధవరం ఉంది. తరతరాలుగా సైన్యానికి కొడుకులనిచ్చిన ఊరు. సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్ బాబు 2020 జూన్‌లో గల్వాన్‌లో నేలకొరిగాడు. అటువంటి గడ్డ మీద పుట్టి, అమరుల చోటును ఎలా ఉంచాలన్నది కాంట్రాక్టర్‌కు వదిలేస్తామా? చదువుకున్నవాడు రాయడు, డబ్బున్నవాడు అడగడు, కూలివాడు తన మాట ఎవరు వింటారంటాడు. ఈ మూడు మౌనాలూ కలిస్తేనే కదా ఒక గోడ మీద చరిత్ర మాసిపోయేది!

నాకు నిరాశ లేదు. కాన్‌బెరాలో హాలు కూలిన మరుసటి ఏడు, 2022 సెప్టెంబరులో, ఆదివాసుల మీద జరిగిన హింసను ఇకపై మరింత విస్తారంగా, లోతుగా చూపుతామని ఆ స్మారకం పాలకమండలే ప్రకటించింది. ఓడినవాళ్ళు వేసిన ప్రశ్న గెలిచినవాళ్ళ గోడ మీదికి ఎక్కడం మొదలైంది. జలియన్‌వాలా బాగ్ ట్రస్టు 1951లో పార్లమెంటు చేసిన చట్టంతో పుట్టింది. అంటే దాని గురించి మన ఎంపీని అడిగే హక్కు రాజంపేటలోనూ ఉంది, అబూ హలీఫాలోనూ ఉంది. సందులోని బొమ్మలను తీయించవచ్చు. ఇటుకలు వాటి వెనకే ఉన్నాయి. ముందుగా వచ్చే శుక్రవారం పిల్లలను తీసుకుని అల్ ఖురైన్ వెళ్దాం. తూటా గుంటలో వాళ్ళను వేలు పెట్టనివ్వకుండా, అది ఎలా పడిందో చెబుదాం. ఆ రాత్రే కూర్చుని మన ఎంపీకి ఉత్తరం రాద్దాం.