ఆడించే మనిషి ఉంటేనే ఆట చదువవుతుంది

బెంగళూరు శివారులోని బొమ్మసంద్ర పారిశ్రామికవాడ చుట్టుపక్కల తల్లీ తండ్రీ ఇద్దరూ పనికి వెళ్ళే ఇళ్ళు చాలా ఉన్నాయి. మూడేళ్ళ పిల్లను నర్సరీలో వేయడం వాళ్ళకు అవసరం. కష్టార్జితం నుంచి ఫీజు కట్టినవాళ్ళు సాయంత్రం బ్యాగు తెరిచి, ఈరోజు ఏం రాయించారని చూడటంలో తప్పు లేదు. అయితే నోటుపుస్తకంలో నిండిన పేజీలను బట్టి ఆ వయసు చదువును కొలవలేం. మూడు నాలుగేళ్ళ పిల్లలకు ఆటా కథే అసలు చదువు. అదైనా పిల్లల్ని గదిలో వదిలేస్తే వచ్చేది కాదు. పక్కన కూర్చుని ఆడించి, మాట్లాడించే టీచరు కావాలి.

మట్టి పిసికి, పూసలు గుచ్చి, కాగితం చింపి అతికించిన వేళ్ళకే పెన్సిలు పట్టు చిక్కుతుంది. వామనగుంటల్లో గింజలు వేస్తూ పోయే పిల్లకు గుంటకొకటి చొప్పున లెక్క చేతికే తెలిసిపోతుంది. తన వంతు వచ్చేదాకా ఆగడం దాగుడుమూతల్లో అలవాటవుతుంది. కథ సంగతి ఇంకా లోతైనది. తరవాత ఏమైందని అడిగే పిల్ల వరుసను, కారణాన్ని పట్టుకుంటోంది. విన్న కథను తిరిగి చెప్పమంటే పొడవాటి వాక్యాలు కూర్చుకుంటుంది. రేపు పుస్తకం చదివి అర్థం చేసుకోవడానికి కావలసిన శక్తి అదే. మొద్దులనుకున్న ముగ్గురు రాజకుమారులను విష్ణుశర్మ కథలతోనే దారిలో పెట్టాడని పంచతంత్రం చెబుతుంది. 1920లో భావనగర్‌లో బాలమందిరం తెరిచిన గిజుభాయి బధేకా కూడా ఈ నమ్మకంతోనే పనిచేశారు.

ముందే అక్షరాలు దిద్దిస్తే పిల్ల ముందుంటుంది కదా అని అడగవచ్చు. న్యూజిలాండ్‌లో అయిదేళ్ళకు చదవడం మొదలుపెట్టిన పిల్లలనూ, ఏడేళ్ళకు మొదలుపెట్టిన వాళ్ళనూ పోల్చి చూశారు. పదకొండేళ్ళు వచ్చేసరికి చదవడంలో తేడా మిగల్లేదు. ఇంతకంటే బలమైన అభ్యంతరం మన దేశంలోనే దొరికింది. ఢిల్లీలో 214 ప్రీస్కూళ్ళలో 1,540 మంది పిల్లల మీద జరిగిన అధ్యయనం 2017లో అచ్చయింది. లెక్కల ఆటలు ఆడిన పిల్లలకు ఎక్కువ తక్కువలను, ఆకారాలను పోల్చే చూపు పెరిగింది, నిలిచింది కూడా. కానీ బడిలో అంకెల లెక్కలకు వచ్చేసరికి ఆ లాభం కనిపించలేదు. ఆటను సమర్థించేవాళ్ళు ఈ ఫలితాన్ని దాటవేయకూడదు. ఆట దండగని దీనికి అర్థం కాదు. గింజల లెక్కకూ పలక మీద అంకెకూ మధ్య వంతెన కట్టాలి. అయిదు గింజలు లెక్కపెట్టిన క్షణంలోనే ఆ అంకెను చూపించగలిగే టీచరు చేయవలసిన పని అది.

బొమ్మసంద్రలో ఈ పనికి మరో చిక్కు ఉంది. తమిళనాడు సరిహద్దు దగ్గరే, పరిశ్రమల కోసం ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చారు. కన్నడం, తెలుగు, తమిళం, హిందీ ఒకే తరగతిలో కలుస్తాయి. ఇంగ్లిషు రావాలంటే మొదటి రోజు నుంచీ ఇంగ్లిషే వినిపించాలని తల్లిదండ్రుల ఆరాటం. ఇంగ్లిషు కావాలి, కాదనను. కానీ అర్థంకాని భాషలో కథ వింటే పిల్లకు ప్రశ్న పుట్టదు, ప్రశ్న పుట్టకపోతే ఆ కథ వృథా. వీలైనంతవరకూ ఇంటిభాషలోనే నేర్పాలని 2022లో వచ్చిన పునాది దశ జాతీయ పాఠ్యప్రణాళిక చెబుతోంది. అన్ని భాషలూ ఒక్క టీచరుకు రావాలనడం అన్యాయం. వారానికొకసారి ఇంట్లో ఉన్న ఏ అమ్మమ్మనో, తాతయ్యనో పిలిచి వాళ్ళ భాషలో ఒక కథ చెప్పించడం మాత్రం కష్టం కాదు. చేతి సైగలతో, బొమ్మలతో మిగతా పిల్లలకూ అది అందుతుంది.

ఉచిత నిర్బంధ విద్యాహక్కు చట్టం ఆరేళ్ళ నుంచే మొదలవుతుంది కాబట్టి, నర్సరీలో ఏం జరుగుతోందో అడగవలసిన బాధ్యత ఎక్కువగా తల్లిదండ్రుల మీదే పడుతోంది. చేర్పించేటప్పుడు యూనిఫాం, పుస్తకాల జాబితా చూసి ఊరుకోవద్దు. ఒక్కో టీచరుకు ఎంతమంది పిల్లలు, ఆమెకు ఏ శిక్షణ ఉంది, రోజూ కథ చెబుతుందా, పిల్ల తెలుగులో జవాబిస్తే ఏం చేస్తుంది అని అడగండి.