తప్పు బీరుది కాదు, సీసాది



చెక్ లాగర్ బీరుకు పేరే గానీ రుచి లేదని, మురుగు వాసన వేస్తుందని మీ పత్రిక గత సంచికలో ఒక పాఠకుడు రాశారు. ఆ మాట నేను ఒప్పుకోను.

1842లో ప్ల్జెన్ ఊళ్ళో పుట్టిన ఆ బీరును, మా అబ్బాయిని చూడడానికి ప్రాగ్ వెళ్ళినప్పుడు ట్యాంకు నుంచి పట్టించి తాగాను. మీగడలాంటి నురగ, కమ్మని చేదు. అదే బీరును ఆకుపచ్చ సీసాలో తెచ్చి కిటికీలో పెడితే, ఎండ తగిలి కంపుకొట్టింది. వెలుతురుకు హాప్స్ పదార్థాలు విరిగి ఆ వాసన పుడుతుంది. గోధుమరంగు సీసా వెలుతురును చాలావరకు ఆపుతుంది, డబ్బా పూర్తిగా ఆపుతుంది. ఇక వేడికీ, లోపలి గాలికీ నెలల తరబడి నిలవుంటే తడిసిన అట్టముక్క రుచి వస్తుంది.

మా బంటుమిల్లి వాళ్ళకు ఇది కొత్త సంగతి కాదు. తెల్లవారుజామున దించిన తాటికల్లు తియ్యగా ఉంటుంది, మధ్యాహ్నానికి పుల్లబడుతుంది. కల్లు పట్టే లొట్టికి లోపల సున్నం పూస్తే అందులో చేరే తీపి నీరా పులియదు. పాత్రా, పొద్దూ చూడకుండా కల్లును తిట్టేవాళ్ళు మా ఊళ్ళో లేరు. బీరుకూ అదే న్యాయం చేయండి. సీసా మీద తేదీ చూసి, చీకట్లో చల్లగా దాచినదే తాగి తీర్పు చెప్పండి.

ఇట్లు,
ఒక పాఠకుడు, బంటుమిల్లి, కృష్ణా జిల్లా