కొలబద్ద న్యాయం

2007లో అమెరికాలోని వర్జీనియాలో మైకేల్ విక్ అనే ఫుట్‌బాల్ ఆటగాడి కుక్కపందేల స్థావరం నుండి 50 దాకా పిట్‌బుల్ కుక్కలను స్వాధీనం చేసుకున్నారు. వాటికిక చావే గతి అని పేరుమోసిన జంతుసంక్షేమ సంఘాలే తేల్చేశాయి (రక్షకులే సుమండీ!). కోర్టు మాత్రం దేనికది విడిగా పరీక్షింపజేసింది. క్రూరమైనదని చంపవలసి వచ్చింది ఒక్కదాన్నే. 22 కుక్కలు యూటాలోని బెస్ట్ ఫ్రెండ్స్ ఆశ్రయానికి చేరాయి. తక్కినవి వేర్వేరు సంస్థలకు, స్వచ్ఛంద సేవకుల ఇళ్ళకు. ఓపికగా వాటి భయం పోగొట్టి, చాలావాటిని కుటుంబాలకు దత్తతిచ్చారు.

అటువంటి కుక్క కరిస్తే ప్రాణాలే పోవచ్చు, కాదనను. అయితే 2023 డిసెంబరు 31 నుండి ఇంగ్లండు, వేల్స్‌లలో ఎక్స్‌ఎల్ బుల్లీని మరొకరికి పెంపకానికివ్వడమే నేరం. దానిని గుర్తించేదేమో ఒడ్డూ పొడుగూ చూసి! ఆశ్రయం కడదాకా పోషించలేకపోతే సాధుజీవికైనా ప్రాణం తీసే సూదే. తోక ఊపుతున్నదో, పళ్ళు చూపుతున్నదో కొలిచే టేపుకేం తెలుస్తుంది?